కాల్బంతి గురువు రహీం సాహెబు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. కవులను గూర్చియు దేశనాయకులను గూర్చియు వ్రాయగల పెద్దలు మనలో వేరుగా కలరు. నేను పగలెల్ల జమాఖర్చులు వ్రాయుచు, రాత్రివేళ భారతమును గురుముఖమున గాక నా యంతట నేనే చదువుకొన్నవాడను. ఆదిపర్వమున ద్రోణుడు కురుకుమారులకు అస్త్రవిద్య నేర్పు ఘట్టము చదివినప్పుడెల్ల, మన హైదరాబాదున బడిపంతులుగా బ్రతికి, బంతియాటలో ఆసియా ఖండమును గెలిచిన శిష్యులను తీర్చిన యొకాయన నాకు జ్ఞప్తికి వచ్చుచుండును. ఆయనయే సయ్యద్ అబ్దుల్ రహీం. జంటనగరములవారు ఆయనను రహీం సాహెబు అని పిలిచెడివారు. నేనును అట్లే పిలిచెదను.

2024లో ఆయన కథను మైదాన్ అను పేర హిందీ చలనచిత్రముగా తీసిరి. దానిని చూచి వచ్చిన మన మెట్టుగూడ పిల్లలు కొందరు, ఈయన నిజముగా మన నగరమువాడేనా యని గ్రంథాలయపు అరుగుమీద నన్నడిగిరి. ఔనంటిని. అంతటితో వారు తృప్తి నొందక, అట్టి ఆటగాండ్రను ఆయన ఎట్లు తయారుచేసెనని మరల నడిగిరి. చలనచిత్రమున విజయము కనబడును. విజయమునకు ముందు పదునైదేండ్లు బడి మైదానములలో జరిగిన పని తెరమీద చూపుటకు అలవి కానిది. ఆ రెండవ ప్రశ్నకు సమాధానముగా ఈ నాలుగు పుటలు వ్రాయుచున్నాను.

రహీం సాహెబు 1909వ సంవత్సరము ఆగస్టు 17న హైదరాబాదున జన్మించెను. అప్పటికి ఆరవ నిజాము మహబూబు అలీఖాను పాలన. నగరమున దండుల మూలమున ఫుట్‌బాల్ ఆట వ్యాపించియుండెను. మన సికింద్రాబాదు ఆంగ్లేయుల కంటోన్మెంటు. బొల్లారము, తిరుమలగిరి ప్రాంతములలో సిపాయిలు ఆడుచుండగా చూచి చుట్టుప్రక్కల పేటల పిల్లలు కాలికి దొరికినదానినెల్ల బంతిగా చేసికొని యాడెడివారు. రహీం సాహెబు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టభద్రుడయ్యెను. విశ్వవిద్యాలయ జట్టులోను, నగరపు జట్టులలోను ఆడి మంచి ఆటగాడనిపించుకొనెను. అయినను ఆటగాడుగా ఆయన కీర్తి నగరపు పొలిమేర దాటినది కాదు.

చదువు ముగిసినపిదప ఆయన ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించెను. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలగు చోట్ల పనిచేసెను. వ్యాయామ విద్యలో యోగ్యతాపత్రము పొంది బడిపిల్లల ఆటల భారమును వహించెను. ఆయన చరిత్ర వ్రాయువారు ఈ యేండ్లను రెండు వాక్యములలో దాటించి జకార్తాకు పోవుదురు. అది సరికాదని నా యభిప్రాయము. ముప్పది నలువదిమంది పిల్లలలో ఎవడు వెనుకబడెనో, ఏల వెనుకబడెనో కనిపెట్టి, వానికి తగిన పాఠము వానికి చెప్పుట బడిపంతులు నిత్యము చేయవలసిన పని. రహీం సాహెబు మైదానమునకు తెచ్చినది ఈ పంతులు కన్నే.

ఇచ్చట నా సంగతి యొకటి చెప్పుకొందును. నేను చదివిన బడిలో డ్రిల్లు గంట కాగానే మాస్టరుగారు బంతిని మా నడుమకు విసరి వేపచెట్టు నీడను కూర్చుండెడివారు. కాళ్లలో సత్తువగల నలుగురైదుగురు ఆ గంటసేపు బంతిని వదలెడివారు కారు. తక్కిన మేము గోలు కంబముల ప్రక్క నిలుచుండి వారి పరుగు చూచెడివారము. ఎనిమిదేండ్ల చదువులో నా కాలికి బంతి తగిలిన సందర్భములు వ్రేళ్లమీద లెక్కించవచ్చును. అది యొక్క మా బడి దోషమనను. ఆడగలవాడే ఆడును, తక్కినవాడు చూచును అనునది లోకమున చాల చోట్ల నడచు పద్ధతి. రహీం సాహెబు ఈ పద్ధతిని తలక్రిందులు చేసెను.

1940ల తొలియేండ్లలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి యయ్యెను. అప్పుడు పిల్లలకును యువకులకును ఆయన పెట్టించిన పోటీలు విచిత్రమైనవి. ఒక పోటీలో బలహీనమగు కాలితోనే బంతిని తన్నవలెను. కుడికాలివాటపువాడు ఎడమకాలితో, ఎడమకాలివాటపువాడు కుడికాలితో. మరియొక పోటీలో బంతిని కాలివెంట నడిపించుకొని పోరాదు. అందుకొన్నవాడు వెంటనే తోటివానికి అందించివేయవలెను. వేరొక పోటీ పొట్టివారికి మాత్రమే. నిర్ణయించిన యెత్తు మించినవానికి అందు ప్రవేశము లేదు.

వినుటకు ఇవి వినోదములవలె తోచును. ఒక్కొక్కదానిలోని కీలకమును విచారింతము. కుడికాలు మాత్రమే వచ్చినవానికి బంతి ఎడమ ప్రక్కకు వచ్చినచో, వాడు దేహమునంతటిని త్రిప్పుకొని కుడికాలిని తెచ్చుకొనవలెను. ఆ త్రిప్పుకొను అరక్షణమునందే ప్రత్యర్థి మీదికి వచ్చిపడును. పెద్ద పోటీలో అరక్షణమే గోలు. ఈ లోపము తెలిసినను మామూలు ఆటలో ఎవడును దిద్దుకొనడు, ఏలన గెలువవలెనను తొందరలో తనకు వచ్చిన కాలినే వాడును. ఆట నియమమే వచ్చిన కాలిని నిషేధించినచో, రానిదానిని తెచ్చుకొనక గత్యంతరము లేదు. అదియును గాక, ఆనాడు మైదానమున నేర్పరియు నేర్పులేనివాడును సమానులగుదురు. మొనగాడనుకొన్నవాడు నలుగురిలో తడబడును. మూల నిలుచున్న పిల్లవాడు ధైర్యము తెచ్చుకొనును. అర్జునునకు సవ్యసాచి యను పేరు ఎడమచేతను బాణము వేయగలుగుటచేత వచ్చెనని మన మెరుగుదుము. ఆ పేరు పుట్టుకతో వచ్చినది కాదు గదా!

రెండవ నియమము ఇంకను సూక్ష్మమైనది. బంతిని నడిపించుకొని పోవుట చూచువారికి కన్నులపండువు. పేటల పిల్లలందరును అదే విద్యయనుకొని యొకరిని మించి యొకరు మెలికలు త్రిప్పెడివారు. బంతి కాలియొద్ద నిలువరాదను నియమము వచ్చుటతో పిల్లవాడు బంతి తనకు చేరకముందే తలయెత్తి, ఎవడు ఎచ్చట నున్నాడో చూచుకొనవలసి వచ్చెను. తక్కినవారు తమకు బంతి రావలెనన్నచో ఊరక నిలుచుండక ఖాళీ చోటునకు పరుగెత్తవలసి వచ్చెను. కనుక బంతి లేనివాడును ఆడుట నేర్చెను. పొట్టి చిన్న అందించుళ్లతో చకచక సాగు హైదరాబాదు ఆటకు ఇదియే పునాది.

మూడవది పెద్దలకు గుణపాఠము. పండ్రెండు పదమూడేండ్ల పిల్లలలో కొందరు తొందరగా ఎదుగుదురు, కొందరు ఆలస్యముగా ఎదుగుదురు. ఎంపికచేయు పెద్దలు ఒడ్డుపొడవు చూచి నేర్పని భ్రమపడుదురు. పొట్టివాడు ఇంటికి పోవును, మరల రాడు. ఒకే యేటి జట్టులో సంవత్సరాదిన పుట్టిన పిల్లలే యెక్కువగా ఎంపికయగుచున్నారనియు, చివర పుట్టినవారు వయస్సు తేడాచేత జారిపోవుచున్నారనియు 1980ల నుండి క్రీడాశాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి చూపించిరి. ఆ లెక్కలు పుట్టకముందే మన నగరపు పంతులొకడు ఒక కొలకఱ్ఱతో ఆ యన్యాయమునకు కొంత మందు వేసెను. 1993లో ఎరిక్సన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు బెర్లిను నగరమున వయొలిన్ విద్యార్థులను పరిశీలించి, గంటలకొలది వాయించుట మాత్రము చాలదనియు, గురువు చూపిన లోపముమీద దృష్టి నిలిపి చేయు సాధనయే ప్రవీణుని చేయుననియు వాదించెను. బలహీనపు కాలి పోటీ అట్టి సాధన గాక మరేమి?

1950లో రహీం సాహెబు హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. మరణపర్యంతము ఆ పదవిని విడువలేదు. పోలీసు ఉద్యోగము ఆటగానికి రెండుపూటల అన్నము పెట్టెను. పేదయింటి పిల్లవాడు ఆటను నమ్ముకొని బ్రతుకుటకు అది దారి యయ్యెను. బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును ఈ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు గెలిచెను. ఢిల్లీలోని డ్యురాండు కప్పును ఆయన కాలమున నాలుగు పర్యాయములు గెలిచెను. కలకత్తా జట్టులు ఫుట్‌బాల్ తమ సొత్తనుకొను దినములవి. ఆ గర్వమునకు హైదరాబాదు పోలీసులు అడ్డుకట్ట వేసిరి. 1956-57, 1957-58లలో హైదరాబాదు రాష్ట్రజట్టు సంతోష్ ట్రోఫీని వెంటవెంట గెలిచినప్పుడును వెనుక నున్నది ఈయనయే.

భారత జట్టు శిక్షణభారము కూడ ఆయనపై పడెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మనవారు ఇరానును ఒక గోలుతో ఓడించి స్వర్ణపతకము పొందిరి. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో పరాభవము కలిగెను. చలిదేశమున, మనవారిలో పెక్కుమంది బూట్లు లేక వట్టికాళ్లతో ఆడిరి. యుగోస్లావియా పది గోలులు చేసెను, మనకు వచ్చినది ఒక్కటి. జమాఖర్చు వ్రాయువానికి పది, ఒకటి అను అంకెలు ఎట్లు కనబడునో చెప్పనక్కరలేదు. అయినను ఖాతాలో నష్టము కనబడినపుడు గుమాస్తా చేయవలసినది ఏడ్చుట కాదు. ఏ పద్దు దగ్గర తప్పెనో వెదకుట. ఆ పిమ్మట భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసెను. రహీం సాహెబు విదేశపు జట్లు ఎట్లు నిలుచుండుచున్నవో, ఎట్లు కదలుచున్నవో శ్రద్ధగా గమనించెను. హంగేరీవారు ముందువరుస నడిమి ఆటగానిని కొంత వెనుకకు దించి ఆడించు పద్ధతిని ఆయన మనవారికి అలవరచెను. 1958లో బ్రెజిల్ ప్రపంచకప్పు గెలిచి లోకప్రసిద్ధము చేసిన 4-2-4 వ్యూహమును మన దేశమున నిలిపినవాడును ఆయనయే.

నాలుగేండ్లకు 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సు వచ్చెను. హంగేరీ రాకపోవుటచే మొదటి ఆట లేకయే ముందునకు పోయిన మనవారు, ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4-2తో ఓడించిరి. నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసెను. ఒలింపిక్సు ఫుట్‌బాల్‌లో ఒక ఆటలో మూడు గోలులు చేసిన మొదటి ఆసియావాడు ఆయనయే. పిదప యుగోస్లావియా చేతిలో 4-1తోను, బల్గేరియా చేతిలో 3-0తోను ఓడి, భారత జట్టు నాలుగవ స్థానమున నిలిచెను. అంతకు పైమెట్టు మనకు నేటివరకు దొరకలేదు.

ఆ జట్టులో మన పొరుగు పిల్లవాడొకడుండెను. వాని కథ మన సంచికలో చేరకపోయినచో నాకు నిద్రపట్టదు. మెట్టుగూడకు ఉత్తరమున, బొల్లారము పోవు రైలుదారిలో కొద్ది స్టేషనుల దూరమున అమ్ముగూడ యున్నది. తులసీదాస్ బలరాం ఆ యూరి పేదయింటి బిడ్డ. వాని యాట రహీం సాహెబు కంటబడెను. నగరమునకు వచ్చి సాధన చేయుమని ఆయన చెప్పెను. దినదినము అంతదూరము రాకపోకలకు తనయొద్ద డబ్బు లేదని పిల్లవాడు ఉన్నమాట చెప్పుకొనెను. రహీం సాహెబు ఉపదేశమేమియు చేయక, సైకిలు బాడుగకు డబ్బిచ్చి రమ్మనెను. పిల్లవాడు వచ్చెను. కొలదికాలమునకే హైదరాబాదు రాష్ట్రజట్టులోను, ఇరువదియేండ్ల ప్రాయమున మెల్‌బోర్ను జట్టులోను వానికి చోటు దొరకెను. 1960 రోము ఒలింపిక్సులో హంగేరీమీదను, పెరూమీదను గోలు చేసినవాడు ఈ అమ్ముగూడ బలరామే. నేర్పును కనిపెట్టువారు పలువురు కలరు. కనిపెట్టిన నేర్పు మైదానమునకు నడచి వచ్చుటకు అడ్డమేమున్నదని విచారించువారు కొందరే. ఆ సైకిలు బాడుగ పద్దును నేను ఏ ఖాతాలో వ్రాయుదునా యని చాలమారు తలపోసితిని.

రోములో హంగేరీ మనలను 2-1తో మాత్రమే ఓడించెను. ఫ్రాన్సుతో ఆట 1-1గా సమమయ్యెను. పెరూ 3-1తో గెలిచెను. ఆ జట్టులో రహీం సాహెబు కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీం కూడ నుండెను. ఎంపికయైనవాడే గాని, మూడు ఆటలలో ఒక్కదానిలోను తండ్రి వానిని దింపలేదు. ఇచ్చట నాకు వ్యాసభారతము మరల గుర్తునకు వచ్చును. ద్రోణుడు శిష్యులను నీళ్లు తెమ్మని పంపునపుడు తక్కినవారికి ఇరుకుమూతి కమండలములును, అశ్వత్థామకు వెడల్పుమూతి కుండయు నిచ్చెనట. కొడుకు ముందుగా తిరిగివచ్చినచో ఆ మిగిలిన కాలమున వానికి అధికపాఠము చెప్పవచ్చునని ఆచార్యుని యూహ. ద్రోణుని తప్పుపట్టుటకు నేనెంతవాడను? అయినను ఈ విషయమున నాకు రహీం సాహెబే ఇష్టుడు. ఆ హకీం తరువాత వాయుసేనలో పనిచేసి, తానును శిక్షకుడై, 2021లో మరణించెను.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలకు పోవునాటికే రహీం సాహెబు ఆరోగ్యము చెడియుండెను. ఊపిరితిత్తులలో పుట్టిన వ్రణము ఆయనను లోలోపల తినుచుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించెను. తరువాత థాయిలాండును 4-1తోను, జపానును 2-0తోను గెలిచిరి గాని, థాయిలాండు ఆటలో వెనుకవరుసకు స్తంభమైన జర్నైల్ సింగు నొసలు పగిలి కుట్లు పడెను. వెనుక నిలుచుండి తలతో బంతిని కొట్టవలసినవాడు వాడే. సామాన్య శిక్షకుడు వానిని ఆటనుండి తప్పించియుండును. రహీం సాహెబు వానిని వెనుకనుండి తీసి ముందువరుసలో నడుమ నిలిపెను. జర్నైల్ సింగు కళాశాల దినములలో ముందువరుసలో ఆడినవాడని ఆయనకు తెలియును. దక్షిణ వియత్నాముతో జరిగిన ఆటలో వాడు గోలు చేసెను, మనవారు 3-2తో గెలిచిరి.

సెప్టెంబరు 4న తుదిపోటీ, మరల దక్షిణ కొరియాతో. ఇజ్రాయేలు, తైవాను దేశములకు ఇండోనేషియా ప్రవేశమీయకపోవుటను మన క్రీడాధికారి యొకడు విమర్శించినందున ఆ నగరజనులు భారతీయులపై మండిపడుచుండిరి. లక్షమంది వరకు పట్టు మైదానము మనవారిని చూచి కేకలు వేసెను. ఆ గుంపులో పాకిస్తాను హాకీ ఆటగాండ్రు మాత్రము మనవారికి జేకొట్టిరని ఆటగాండ్రు పిదప చెప్పుకొనిరి. రహీం సాహెబు ముందురాత్రి శిష్యులను పిలిచి, మరునాడు తనకొక కానుక కావలెననియు, అది స్వర్ణపతకమనియు కోరెనని వారు తుదివరకు తలచుకొనుచుండిరి. జ్వరపడి కొన్ని ఆటలు ఆడని పీటర్ తంగరాజును ఆనాడు గోలుకు కావలి నిలిపెను. కొరియావారు పైకెత్తి కొట్టు బంతులకు తంగరాజు పొడవు అవసరమని ఆయన గణించెను. పదునేడవ నిమిషమున ప్రదీప్ కుమార్ బెనర్జీ, ఇరువదవ నిమిషమున కుట్ల నొసటితో జర్నైల్ సింగు గోలులు చేసిరి. కొరియాకు చివరలో ఒక్కటి దక్కెను. 2-1. నాయకుడు చునీ గోస్వామి. ముందువరుసలో ఎడమప్రక్క మన బలరాం.

రహీం సాహెబు ఇంటికి వచ్చి మంచము పట్టెను. 1963 జూన్ 11న హైదరాబాదున కన్నుమూసెను. అప్పటికి ఆయనకు ఏబదిమూడేండ్లు నిండినవి.

తరువాతి లెక్క చెప్పుటకు నాకు మనస్సు రాదు గాని, లెక్కలవాడు పుటను సగములో ఆపరాదు. 1962 పిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణము రాలేదు. 1970లో బ్యాంకాకున కాంస్యము వచ్చెను. అప్పటి నాయకుడు హైదరాబాదువాడగు సయ్యద్ నయీముద్దీనే. 1960 రోము తరువాత ఒలింపిక్సునకు మన జట్టు అర్హత పొందలేదు. శిక్షకులకు ఇచ్చు ద్రోణాచార్య పురస్కారము 1985లో ఏర్పడెను. ఆనాటికి రహీం సాహెబు మరణించి ఇరువదిరెండేండ్లు. పురస్కారము దక్కలేదని కొందరు వగతురు. నాకు అది పెద్ద కొరతగా తోచదు. ఎడమకాలి పోటీలు నిలిచిపోవుట నన్ను బాధించును. ఆయన పెద్ద విజయములను అందరును గుర్తుంచుకొనిరి. పిల్లల పోటీలను మాత్రము ఆయనతో పాటు పూడ్చిరి. పెద్దజట్టునకు విదేశములనుండి శిక్షకులను తెచ్చుటకు డబ్బు దొరకెను, పేటలోని పదేండ్లవానికి తల యెత్తి చూచుట నేర్పువాడు దొరకలేదు. నగరమున బడులు పెరిగినవి, బడి మైదానములు తరిగినవి.

బలరాం 1963లో అస్వస్థతచే ఆట మానుకొనవలసి వచ్చెను. బంగాళమున స్థిరపడి 2023 ఫిబ్రవరి 16న మరణించెను. ఆ వార్త పత్రికలో వచ్చిననాడు మన గ్రంథాలయమున దానిని గట్టిగా చదివి వినిపించితిని. అమ్ముగూడ అనగానే వినువారిలో ఇద్దరు ముగ్గురు తలలెత్తిరి.

మన పిల్లలు ఆదివారములందు రైల్వే క్వార్టర్ల ప్రక్కనున్న ఖాళీ చోట బంతి యాడుచుందురు. రజతోత్సవపు కార్యక్రమములలో పరుగుపందెము, వ్యాసరచన, పద్యపఠనము ఉన్నవి. వానితోపాటు రెండు చిన్న పోటీలు చేర్చుడని కార్యవర్గమునకు విన్నవించితిని: ఒకటి బలహీనపు కాలితో ఆడునది, ఒకటి గోడమీద గీచిన గీతను తల మించనివారికి. రెండు బంతులు, సున్నము, పిల్లలకు మజ్జిగ, వీనికగు ఖర్చును చిత్తులో వ్రాసి కార్యదర్శిగారి చేతికిచ్చితిని. వచ్చే సమావేశమున విచారింతుమనిరి.